రెక్క పట్టుకున్నవాడు

మాది నంబులపూలకుంట. తిమ్మమ్మ మర్రిమాను ఉన్న మండలం అంటే కొందరికైనా తెలుస్తుంది. నేను కాలేజీలో ఎన్.సి.సి.లో చేరితే దొరికింది ఆర్మీ వింగే. ఎయిర్ వింగ్ కావాలంటే స్క్వాడ్రన్ ఉన్న నగరం దగ్గర్లో చదవాలి. మొదట్నుంచీ అంతే లెండి. 1948లో చట్టంతో ఎన్.సి.సి. పుడితే, ఎయిర్ వింగ్ 1950 ఏప్రిల్ 1న బొంబాయి, కలకత్తాల్లో ఒక్కో స్క్వాడ్రన్‌తో మొదలైంది.

ఆ కుళ్ళుతోనే ఎయిర్ వింగ్ మిత్రుణ్ణి వేసవి క్యాంపు కబుర్లు అడిగేవాణ్ణి. గ్లైడర్‌కి ఇంజనుండదు కదా, దూరంగా ఉన్న వించ్ తీగ చుట్టుకుంటూ దాన్ని లాగుతుంది. కొక్కెం తగిలించేవాడొకడు, వించ్ వైపు సైగ చేసేవాడొకడు, వేగం అందుకునేదాకా రెక్క కొస పట్టుకుని పక్కన పరిగెత్తేవాడొకడు. రెక్క నేలకి వాలిందా, అంతే సంగతులు! 1961లో మనదేశంలో ఎగిరిన రోహిణి గ్లైడర్లో ఉన్నవి రెండే సీట్లు. మిగతా జట్టంతా కిందే. దిగాక దాన్ని ఎండలో వెనక్కి తోసుకురావడమూ వీళ్ళ పనే.

రిలీజు రాత్రి సర్వర్ల దగ్గర కూర్చునేవాడు గుర్తొచ్చాడా? :)

మావాడు ఎగిరింది రెండేసార్లు, రెక్క పట్టుకుని పరిగెత్తింది లెక్కే లేదట. నాకు మాత్రం ఎక్కువగా ఆ పరుగు గురించే చెప్పేవాడు.