ఈసీ టీవీ పోయింది, టీవీ పోలేదు

డ్రాగన్ ఫ్రూట్ పెట్టాలా, డ్రోన్ కొని కిరాయికి తిప్పాలా, ఇవన్నీ నిలబడేవేనా లేక నాలుగు రోజుల ముచ్చటేనా అని చాలామంది అడుగుతున్నారు. దానికి నేను సికింద్రాబాద్ ఏ.ఎస్. రావు నగర్ కథ చెప్తాను. కొంచెం పొడుగుంటుంది, ఓపిక పట్టండి.

ఏ.ఎస్. రావు అంటే అయ్యగారి సాంబశివరావు గారు. 1914లో పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టారు. అల్లూరి సీతారామరాజు పూర్వీకులదీ ఆ ఊరే. రావు గారు హోమీ భాభా దగ్గర పనిచేశారు. 1956లో నడిచిన అప్సర అణు రియాక్టర్‌కు కంట్రోల్ పరికరాలు చేసింది ఆయన బృందమే. 1967లో హైదరాబాద్‌లో ఈసీఐఎల్ పెట్టినప్పుడు దాన్ని నడిపించిందీ ఆయనే. ఆ ఉద్యోగుల కోసం వెలసిన కాలనీకే ఆయన పేరు పెట్టుకున్నారు.

ఇక టీవీ సంగతి. 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు ఉపగ్రహం ద్వారా 6 రాష్ట్రాల్లో సుమారు 2,400 పల్లెలకు టీవీ కార్యక్రమాలు వేశారు. అందులో మన పల్లెలూ ఉన్నాయి, తెలుగులో వ్యవసాయం ముచ్చట్లూ ఉన్నాయి. ఆ సెట్లు తయారుచేసింది ఈసీఐఎల్. తర్వాత ఇళ్లలోకి ఈసీ టీవీ వచ్చింది. చెక్క పెట్టెలాంటి ఆ నలుపు తెలుపు టీవీ పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది.

అప్పుడు ఎవరన్నా "టీవీ అంతా హైప్" అని ఉంటే తప్పయ్యేది. టీవీ నిలబడింది. కానీ 1982లో ఏషియాడ్‌తో పాటు రంగుల టీవీ వచ్చింది, విడిభాగాల కిట్లు దిగుమతి అయ్యాయి, బిగించి అమ్మే ప్రైవేటు కంపెనీలు పుట్టుకొచ్చాయి. 1991 తర్వాత విదేశీ కంపెనీలు దిగాయి. ఇప్పుడు షోరూముల్లో ఈసీ టీవీ ఎక్కడుంది? సరుకు నిజమే, గిరాకీ నిజమే, అయినా ముందు దిగినవాడు మిగల్లేదు. "ఇది నిలుస్తుందా" అని అడిగితే సరిపోదు, "ఇందులో మనం నిలుస్తామా" అన్నది వేరే లెక్క.

మరి ఈసీఐఎల్ ఎట్లా బతికింది? అణు విద్యుత్ కేంద్రాల పరికరాలు, రక్షణ శాఖ పనులు, ఓటింగ్ యంత్రాలు. ఓటింగ్ యంత్రం నమూనా 1979లోనే చేశారు. 1982లో కేరళలోని పరవూరులో 50 బూత్‌లలో యంత్రాలతో ఓట్లు వేయించారు. చట్టంలో లేదని 1984లో సుప్రీంకోర్టు ఆ పోలింగ్‌ను కొట్టేసింది. చట్టం మార్చారు. లోక్‌సభ ఎన్నికలన్నీ యంత్రాలతో జరిగింది 2004లో. అంటే 25 ఏళ్లు! అన్నేళ్లు ఆగడానికి కంపెనీ వెనక సర్కారుంది. మన వెనక సొసైటీ అప్పు, బంగారం మీద తెచ్చిన పైసలు ఉన్నాయి.

ఈము పక్షి కథ దీనికి పూర్తిగా వేరు. నూనె అన్నారు, మాంసం అన్నారు, తోలు అన్నారు. కొన్నది ఎవరు? కొత్తగా ఈము పెంచుదామనుకున్న ఇంకో రైతే. పిల్లలు కొనేవాళ్లు ఉన్నన్నాళ్లూ ధర నడిచింది. 2012లో తమిళనాడు పెరుందురైలో డిపాజిట్లు కట్టించుకున్న కంపెనీ మూతపడింది, జనం పోలీసు స్టేషన్ల చుట్టూ తిరిగారు. మన దగ్గర కూడా మేత ఖర్చు భరించలేక పక్షుల్ని వదిలేసినవాళ్లు ఉన్నారు. అక్కడ తినేవాడే లేడు, అది అసలు హైప్.

డ్రాగన్ ఫ్రూట్‌కు తినేవాడు ఉన్నాడు, కాబట్టి అది ఈము కాదు. ఈసీ టీవీ అవుతుందేమో అన్నదే నా అనుమానం. స్తంభాలు, మొక్కలు, డ్రిప్పు కలిపి ఎకరాకు లక్షల్లో పెట్టుబడి, అందరి కాతా జూన్ నుంచి నవంబర్ లోపే. మొక్కలు అమ్మేవాళ్లు చెప్పే ధర ఏ నెలదో అడగండి. అడ్వాన్స్ ఇచ్చే ముందు ఆగస్టులో ఒక రోజు బాటసింగారం పండ్ల మార్కెట్‌కు పొయ్యి, ఏ సైజు పెట్టె ఎంతకు పోతుందో, ఎన్ని మిగిలిపోతున్నాయో నిలబడి చూడండి. చూసొచ్చిన రేటు కింద కామెంట్‌లో రాయండి, మిగతావాళ్లకూ పనికొస్తుంది.