బీరువాలో శాసనాలు

మన హనుమకొండ వేయిస్తంభాల గుడిలో రుద్రదేవుడు 1163లో వేయించిన శాసనాన్ని పండితులు ఇవాళ్టికీ చదువుతారు. మరి మీ బీరువాలో ఉన్న ముప్ఫయ్యేళ్ళ నాటి పెళ్ళి టేపు మాటేమిటి? వి.హెచ్.ఎస్. టేపు 1976లో జపానులో పుట్టింది. 1985లో సోనీవారి చిన్న ఎనిమిది మిల్లీమీటర్ల టేపు కెమెరా వచ్చింది. రెండింటిలోనూ బొమ్మా, గొంతూ ప్లాస్టిక్ రిబ్బన్‌కి అంటించిన అయస్కాంతపు పొడిలోనే ఉంటాయి. చెమ్మ తగిలితే బూజు పడుతుంది, పొడి రాలుతుంది. 2016లో వి.సి.ఆర్.ల తయారీ కూడా ఆగిపోయింది. ఉన్న పాత మిషను పాడైతే టేపు ఉండీ లేనట్టే! టేపుని కంప్యూటర్‌లోకి ఎక్కించడానికి గంట టేపుకి గంటా పడుతుంది. పోనిద్దురూ, ఆ గంటసేపూ అమ్మమ్మ మంగళహారతి వినొచ్చు. రాజుగారి శాసనాన్ని కాపాడడానికి సర్కారుంది. అమ్మమ్మ గొంతుకి మనమే దిక్కు.