చావుపాటలకు మళ్లీ పని పడింది

1927లో పారమౌంట్ కంపెనీ రికార్డు చేసిన ఒక బ్లూస్ పాటలో పాడేవాడు అడిగేది ఒకటే: తను పోయాక సమాధిని శుభ్రంగా ఉంచమని. పాడినవాడు బ్లైండ్ లెమన్ జెఫర్సన్. చూపులేకపోయినా గిటారు పట్టుకుని డాలస్ వీధుల్లో పాడి పొట్టపోసుకున్న టెక్సస్ మనిషి. 1929 డిసెంబరులో షికాగోలో చనిపోతే సొంత ప్రాంతానికి తెచ్చి, వోర్థమ్‌లో నల్లజాతివాళ్ల శ్మశానంలో పూడ్చారు. పేరు చెక్కిన రాయి పెట్టలేదు. అక్కడ ఒక గుర్తుపలక వెలిసేసరికి 1967 వచ్చింది.

ఆ పాటనే 1992లో డయమండా గలాస్ 'ద సింగర్' ఆల్బమ్‌లో పాడింది. అందులో ఉన్నవన్నీ పాతపాటలే. విల్లీ డిక్సన్ బ్లూస్ ఉంది, స్క్రీమిన్ జే హాకిన్స్ 1956 నాటి 'ఐ పుట్ ఎ స్పెల్ ఆన్ యూ' ఉంది. 1871లో నాష్‌విల్‌లో బయల్దేరి, తమ కాలేజీకి చందాల కోసం ఊరూరా తిరిగిన ఫిస్క్ జూబిలీ సింగర్స్ లోకానికి వినిపించిన బానిసకాలపు భక్తిగీతాలూ ఉన్నాయి. తోడు పియానో, హామండ్ ఆర్గాన్. అంతే.

గలాస్‌కు ఇవి అరువు పాటలు కావు. 1955లో శాన్‌డియేగోలో గ్రీకు కుటుంబంలో పుట్టింది. తండ్రి గాస్పెల్ బృందాన్ని నడిపినవాడు. ఆయన బ్యాండులో ఈమె పియానో వాయించింది. 1986లో తోబుట్టువు ఫిలిప్-డిమిట్రి ఎయిడ్స్‌తో పోయాడు. అవి ఎయిడ్స్ శవాలను ముట్టుకోవడానికి శవసంస్కార సంస్థలే వెనకాడిన రోజులు. న్యూయార్క్‌లో అనాథశవాలను పూడ్చే హార్ట్ ఐలండ్‌కు 1985లో తెచ్చిన ఎయిడ్స్ మృతులను మిగతావాళ్లకు దూరంగా, మరింత లోతుగా పూడ్చారు. 1989 డిసెంబరు 10న అదే ఊళ్లోని సెయింట్ పాట్రిక్స్ కెథెడ్రల్‌లో, ఎయిడ్స్ విషయంలో చర్చి తీరుపై జరిగిన నిరసనలో గలాస్ కూడా అరెస్టయింది. సమాధి గురించి అడిగే పాట అలాంటి కాలంలో ఆమె నోట పలికింది.

ఆ పాటలో ఎడమచేతి పియానో బరువుగా మోగుతుంటుంది. గొంతు అడుగునుంచి లేచి, సాగి సాగి, చివరికి కేక అవుతుంది. కొందరికి అది సంగీతంలా తోచదు. మా వైపు చావింట్లో ఆడవాళ్లు శోకాలు తీయడం విని పెరిగిన నాకు మాత్రం కొత్తనిపించలేదు. పోయినవాడి మంచితనమే కాదు, అతనికి అన్యాయం చేసినవాళ్ల సంగతీ రాగం తీసి ఏడుస్తారు మావాళ్లు. గ్రీసులో మాని ప్రాంతపు ఆడవాళ్ల శోకాలూ ఇంతే. పగ తీర్చుకోమని కూడా అడుగుతాయి. గలాస్ ఈ పాటల్లోకి తెచ్చింది ఆ కోపాన్నే.

అవాంట్‌గార్డ్ అని చీటీ అంటించి దుకాణాలవాళ్లు ఈ ఆల్బమ్‌ను వింతల అరలో పెడుతుంటారు. అది తప్పు. చచ్చినవాళ్ల తరఫున బతికినవాళ్లను నిలదీయడం బ్లూస్, గాస్పెల్ ఎప్పటినుంచో చేస్తున్న పనే. 'ద సింగర్' చోటు గాస్పెల్ అరలోనే.