రెసిడెన్సీబజారు పూర్వచరిత్రము

హైదరాబాదునందలి సుల్తానుబజారు నేడు చీరలకును గాజులకును పేరెన్నికగన్న అంగడివీథి. పండుగదినములలో అచట కాలుమోప సందుండదు. 1933వ సంవత్సరమువఱకు ఇది రెసిడెన్సీబజారు. ఆ పాతపేరు వెనుక అప్పులును అధికవడ్డీలును పెనగొనిన చరిత్ర కలదు. చిలమత్తూరు మొదలగు దత్తమండలగ్రామములకును ఆ చరిత్రతో సంబంధ మున్నది.

1800 అక్టోబరు 12వ తేదీని నిజాము కుంపిణీవారితో సంధి చేసికొని, తన రాజ్యమున నిలిచిన కుంపిణీసేన వ్యయమునకై అనంతపురము, కడప, బళ్లారి ప్రాంతములను వారికి ఒప్పగించెను. పెనుగొండయు లేపాక్షియు అట్లే చేతులు మాఱినవి. ఆ సంధి కుదిర్చిన రెసిడెంటు జేమ్సు కర్కుపాట్రికు 1803 ప్రాంతమున మూసీ యుత్తరతీరమున గొప్ప మేడ కట్టింప నారంభించెను. దానిచుట్టు వెలసినదే ఈ బజారు. ఇచట నిజాము ఉద్యోగుల ఆజ్ఞ చెల్లదు. న్యాయవిచారణయు రక్షకభటులును రెసిడెంటువే. కావున దోపిడికి వెఱచిన సాహుకారు లీ నీడను చేరిరి.

రెసిడెన్సీ చెంతనే విలియం పామరు దొర వడ్డీకొఠీ వర్ధిల్లెను. స్వదేశప్రభువులకు ఐరోపీయులు అప్పిచ్చుట చట్టముచే నిషిద్ధము. అయినను గవర్నరుజనరలు హేస్టింగ్సు 1816లో ఈ కొఠీకి ప్రత్యేకానుజ్ఞ నొసగెను. ఆతని పెంపుడుకూతురి భర్త రంబోల్డు ఇందు భాగస్వామి. నిజాము ప్రభుత్వమునకు నూటికి 24, 25 చొప్పున వడ్డీపై అప్పులు పెరిగినవి. 1820లో రెసిడెంటుగా వచ్చిన మెట్కాఫు దీనిని బయటపెట్టెను. 1824లో కొఠీ దివాలా తీసెను. ఆ ఋణము తీర్చుటకై నిజాము ఉత్తరసర్కారులపై తనకు ఏటేట రావలసిన 7 లక్షల పేష్కషును శాశ్వతముగా వదలుకొని, ఒక్కమాఱుగా కోటికి మించిన మొత్తమును గ్రహించెను. సేనకై దత్తమండలములు పోయినవి. వడ్డీకై సర్కారుల పేష్కషు పోయినది.

1857 జూలై 17వ తేదీని తుర్రెబాజుఖాను, మౌల్వీ అల్లాఉద్దీనులు రెసిడెన్సీని ముట్టడించినప్పుడు, వారి యనుచరులు సమీపమందలి సాహుకారుల యిండ్లనుండియే తుపాకులు కాల్చిరి. ఆ తిరుగుబాటు ఒక్క రాత్రిలోనే అణగిపోయెను.

ఇంతవఱకు చూచినచో ఈ బజారు అపకీర్తికే ఆకరము. కాని 1901 సెప్టెంబరు 1వ తేదీని, కొమఱ్ఱాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, నాయని వేంకటరంగారావు ప్రభృతుల కృషిచే శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయము వెలసినదియు ఇచటనే. ఉర్దూ రాజభాషయై తెలుగునకు ఆదరము కొఱవడిన నగరమున తెలుగుగ్రంథములకు అది నిలయమయ్యెను. పెనుగొండ నేలిన రాయల పేరు, పెనుగొండను పరాధీనము చేసిన రెసిడెన్సీ ముంగిట నిలిచినది.

పరశాసన మిచ్చిన రక్షణ వడ్డీవ్యాపారి ధనపుపెట్టె కెట్లో, గ్రంథాలయపు బీరువాకును అట్లే ఉపకరించె నని నా తలంపు. ఇందువలన ఆ శాసనము శ్లాఘ్యము కాజాలదు. తెలంగాణమున భాషోద్ధరణచరిత్ర వ్రాయువారు మాత్రము నిలయస్థాపకుల పుణ్యమును కీర్తించుచునే, వారు నిలిచిన నేల ఎట్టిదో కూడ చెప్పవలయును.