మన్యంలో కాఫీ: కూలి నుండి సాగుదారు వరకు

తూర్పు కనుమల కాఫీని పంటగానే గాక శ్రమ చరిత్రగా కూడా పరిశీలించవలసి ఉంది. 1898లో పాములేరు లోయలో బ్రిటిషు అధికారి బ్రోడీ నాటించిన మొక్కలతో ఇక్కడ కాఫీ ఆరంభమైంది. 1960లలో అటవీశాఖ రిజర్వు అడవుల్లో తోటలు వేసింది. 1985లో అవి అటవీ అభివృద్ధి సంస్థకు బదిలీ అయ్యాయి. ఆ తోటల్లో గిరిజనుల స్థానం కూలీలదే. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ 1975-76 నుండి చేపట్టిన విస్తరణ ఈ సంబంధాన్ని మార్చింది. పోడు సాగిన కొండవాలున సిల్వర్ ఓక్ నీడలో కాఫీ, ఆ చెట్లకే మిరియాల తీగలు పెంచే చిన్న కమతం రూపొందింది.

అరబికా పండ్లన్నీ ఒకేసారి పక్వానికి రావు. నవంబరు మొదలు పలు విడతలుగా, పండినవాటినే చేతితో ఏరాలి. ఆలస్యం లేకుండా పైతొక్క తీసి, కడిగి, ఎండబెట్టాలి. అందుచేత వరి, చోడి కోతలు ముగిసిన తరువాత కూడా కుటుంబానికి ఊళ్లోనే పని ఉంటుంది. పండును పండుగానే దళారికి అమ్మినచోట మాత్రం ఆ పనిలో కొంత, దానితోపాటు విలువలో కొంత ఊరు దాటిపోతుంది.

2019లో ‘అరకు వ్యాలీ అరబికా’కు భౌగోళిక గుర్తింపు లభించింది. పంట పేరుకు రక్షణ సమకూరింది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం కింద నేలకు పట్టా, పండుకు తగిన ధర కూడా సమకూరినప్పుడే కూలి సాగుదారు అయ్యాడన్న మాట చరిత్రలో నిలుస్తుంది.