చదివి వినిపించిన మస్టరు: బెల్లంకొండ ప్రాంతంలో సామాజిక తనిఖీపై ఒక పరిశీలన

సామాజిక తనిఖీ మీద వచ్చిన పరిశోధనతో నాకున్న పేచీ ఒక్కటే. అందరూ డబ్బునే లెక్కపెట్టారు: ఎంత పోయింది, ఎంత రాబట్టారు, ఎంతమందిని తీసేశారు. ఈ కొలతతో చూస్తే ఉపాధి హామీ పనుల మీద ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2006లో మొదలుపెట్టిన తనిఖీ ప్రయత్నం పెద్దగా ఫలించనట్టే. ఫర్జానా అఫ్రిది, వెగార్డ్ ఐవర్సెన్ 2014లో ప్రచురించిన వ్యాసం తేల్చింది దాదాపు అదే. తనిఖీలు జరుగుతున్నకొద్దీ తేలిగ్గా పట్టుబడే అక్రమాలు తగ్గి, పట్టుబడనివి పెరిగాయనీ, పోయిందని తేలిన సొమ్ములో తిరిగి వచ్చింది స్వల్పమేననీ వారంటారు. వారి అంకెల్ని నేను కాదనను. కానీ ఆ అంకెలన్నీ తనిఖీ నివేదికల్లోంచి తీసినవి. నివేదిక పుట్టే చోట, రికార్డుల్ని అందరి ముందు చదివే ప్రజావేదిక షామియానా కింద, ఏం జరుగుతుందో పట్టికలోకి రాదు. తర్వాత రాసినవాళ్లలో చాలామంది ఆ పట్టిక దగ్గరే ఆగిపోయారు.

ఈ పరిశీలనకు బెల్లంకొండ ప్రాంతాన్ని ఎంచుకోవడానికి కారణం ఉంది. సర్కారు జాబితా అంటే ఏమిటో ఇక్కడివాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు. పులిచింతల ప్రాజెక్టు కింద కొల్లూరు లాంటి ఊళ్లు మునిగాయి. ఒకప్పుడు వజ్రాలకు లోకప్రసిద్ధమైన కొల్లూరు ఇప్పుడు 45.77 టీఎంసీల జలాశయం అడుగున ఉంది. 2013 డిసెంబరులో ప్రాజెక్టు ప్రారంభమైంది. దానికి ముందూ వెనకా ఈ ఊళ్లలో మాటంతా ఇళ్ల కొలతలు, ప్యాకేజీ, జాబితాలో పేరు. 2022 ఏప్రిల్‌లో గుంటూరు జిల్లా నుంచి పల్నాడు జిల్లాలోకి మారాక కాగితం కోసం వెళ్లే ఊరు నరసరావుపేట అయింది. కాగితం మీద ఉన్న గౌరవమూ అనుమానమూ మాత్రం మారలేదు.

ఇక నా ప్రధాన ఆధారం. బెల్లంకొండ చుట్టుపక్కల మండలాల్లో ఒకదానిలో జరిగిన ఉపాధి హామీ ప్రజావేదిక అది. ఊరి పేరు చెప్పను. వేదిక మీద అధికారులు, ఒక పక్క బల్ల దగ్గర ఫైళ్లతో ఏపీవో (అదనపు ప్రోగ్రాం అధికారి), టెక్నికల్ అసిస్టెంట్లు, ఎదురుగా నేల మీద వేతనదారులు. జిల్లా రిసోర్స్ పర్సన్, ఇరవై అయిదేళ్లు కూడా నిండని అమ్మాయి, మైకు పట్టుకుని ఒక వాగు పూడికతీత మస్టరు చదువుతోంది. పేరు, పనిచేసిన రోజులు, పడిన కూలి. కాగితంలో ఎక్కడా లోపం లేదు. మస్టరుకీ కొలతల పుస్తకం ఎం-బుక్కుకీ లెక్క సరిపోయింది, పే ఆర్డరుకీ ఖాతాలో పడిన మొత్తానికీ తేడా లేదు. గుంటూరులో కూర్చున్న ఏ ఆడిటరయినా సంతకం పెట్టి పంపేసేవాడు.

ఫిబ్రవరి నెల చివరి వారం అని తేదీ చదవగానే వెనక వరసలోంచి ఒకామె లేచింది. "ఏ వారం అన్నావమ్మా? ఆ వారం మా బజారు బజారంతా కాయకోతలకు పోలా? తెల్లారి ఆటో ఎక్కితే పొద్దుగూకినాకే దిగేది. ఇంక వాగులో మట్టి ఎవరు తీశారంటా?" అందరూ నవ్వారు. మిరపకోతల రోజుల్లో ఉపాధి కూలికి ఎవరూ రారన్న సంగతి పల్నాడులో పిల్లలకు కూడా తెలుసు. తోటలో కూలి ఎక్కువ, పైగా చేతికి వస్తుంది. ఫీల్డ్ అసిస్టెంటు తల ఎత్తలేదు. చదువుతున్న ఆరు పేర్లలో రెండు అతని వేలువిడిచిన చుట్టాలవి. అధికారి రికవరీ రాయించాడు. ఆరుగురి ఒక వారం కూలి.

అఫ్రిది, ఐవర్సెన్ పట్టికలో ఇది ఒక గడి. సొమ్ము వసూలు కాకపోతే విఫలమైన గడి. కానీ అబద్ధాన్ని పట్టుకున్నది రికార్డు కాదు. ఆ వారం ఊరు ఎక్కడుందో తెలిసిన చెవులకు ఆ పేర్లు వినబడటమే దాన్ని పట్టించింది. మరుసటి ఏడు ఆ ఊళ్లో కోతలు అయిపోయేదాకా పని తెరవలేదు. ఫీల్డ్ అసిస్టెంటును ఎవరూ తీసెయ్యలేదు, అయినా పద్ధతి మారింది. అయితే సిమెంటు, ఇసుక, జేసీబీ బిల్లుల దగ్గర ఈ చెవులు అంతగా పనిచేయవన్న మాటలో కొంత నిజం ఉంది.

మరి చదివేది ఎవరు? రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ జన్ సున్‌వాయీలు (బహిరంగ విచారణలు) నడిపినప్పుడు కాపలాదారు ప్రభుత్వానికి బయట ఉండేది. మన దగ్గర ఆ సంఘటన్ దారి చూపాక, 2009లో సామాజిక తనిఖీ, జవాబుదారీతనం, పారదర్శకతల సొసైటీ ఏర్పడింది. లాభాపేక్ష లేని సొసైటీయే, కానీ ఖర్చు వచ్చేది పథకం నిధుల్లోని అర శాతం నుంచి. తాను కాపలా కాసే గాదెలోంచే తన గింజలు. దీన్ని చూసి ముక్కు విరిచే స్వచ్ఛంద సంస్థలవాళ్లు నాకు చాలామంది తగిలారు. ఒక సంస్థ ఎంత స్వతంత్రమో దాని బ్యాంకు ఖాతా చూసి కాదు, మైకు ముందు చదివే మనిషిది ఏ ఊరో చూసి చెప్పాలి. పైన చెప్పిన అమ్మాయి ఆ మండలానిది కాదు, అక్కడ ఆమెకు మొహమాటాలు లేవు.

ఈ లెక్కన మిగతా రక్షణ చట్టాల బలహీనతకు కారణం ఏమిటో తెలుస్తుంది. సున్నపురాయి క్వారీల సంగతే తీసుకుందాం. 2006 పర్యావరణ ప్రభావ నోటిఫికేషన్ కింద జరిగే ప్రజాభిప్రాయ సేకరణ చివర, జనం చెప్పిన మాటల సారాంశాన్ని స్థానిక భాషలో అక్కడే చదివి వినిపించి, కలెక్టరో ఆయన ప్రతినిధో అదే రోజు సంతకం చేయాలి. మంచి నిబంధన. అయితే చదివేది మనం అన్న మాట, కంపెనీ చేసిన పని కాదు. అనుమతి వచ్చాక ఏటా జూన్ 1న, డిసెంబరు 1న కంపెనీ ఇవ్వాల్సిన షరతుల అమలు నివేదిక కూడా చట్ట ప్రకారం బహిరంగ పత్రమే. అది వెబ్‌సైటుకు ఎక్కుతుంది. దాన్ని గ్రామసభలో చదివి తీరాలని ఏ నిబంధనా లేదు. పేలుడు ఏ వేళ జరిగిందో, చెట్లు నాటామన్న చోట ఏముందో వినగానే చెప్పగలవాళ్లు ఆ ఊళ్లోనే ఉన్నారు.

వెబ్‌సైటుకు ఎక్కించడం ఊరికి ఎంత దూరమో మరో చోటా చూశాను. రాష్ట్ర ప్రభుత్వం తన ఉత్తర్వుల (జీవోల) వెబ్‌సైటును 2021 ఆగస్టులో ఆపినప్పుడు నగరాల్లో గగ్గోలు పుట్టింది. కోర్టులకెక్కారు. 2024 ఆగస్టులో దాన్ని మళ్లీ తెరిచారు. ఆ మూడేళ్లూ ఈ ఊళ్లలో ఎవరూ ఆ లోటు గురించి నాతో అనలేదు. తెరమీది పారదర్శకత లాయర్లకూ విలేకరులకూ పనికొస్తుంది, కూలివాడికి పనికొచ్చేది గట్టిగా చదివిన కాగితమే అని నేను నిర్ధారణకు వచ్చాను. అయితే 1997 సమత తీర్పులాగా ఒక స్వచ్ఛంద సంస్థ సుప్రీంకోర్టుకెక్కి ఏజెన్సీ గనుల లీజుల్ని ఆపించేసిన సందర్భాలు లేకపోలేదు.

ఈ పద్ధతికి ఇప్పుడు వచ్చిన అసలు ముప్పు రికవరీలు తగ్గడం కాదు. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 44(3) సెక్షను సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె)ని మార్చింది. వ్యక్తిగత సమాచారాన్ని నిరాకరించాలంటే అంతకుముందు ఆ క్లాజులోనే కొన్ని షరతులుండేవి: దానికి ప్రజా కార్యకలాపంతో సంబంధం లేకపోవాలి, లేదా అది అకారణంగా గోప్యతను భంగపరిచేదిగా ఉండాలి. చట్టసభకు ఇవ్వక తప్పని సమాచారాన్ని పౌరుడికీ కాదనకూడదన్న వాక్యమూ ఉండేది. ఇప్పుడు అవేవీ లేవు, వ్యక్తిగత సమాచారమైతే చాలు. ప్రజాప్రయోజనం కోసం ఇవ్వొచ్చన్న 8(2) మిగిలింది గానీ, దాన్ని వాడాలా వద్దా అన్నది అధికారి చేతిలో ఉంది. ఉపాధి హామీ చట్టం 17వ సెక్షను సామాజిక తనిఖీని గ్రామసభకు అప్పగించింది. అయినా మస్టరులోని పేరు, రోజులు, కూలి వ్యక్తిగతమని ఒక మండల అధికారి అనుకుంటే మైకు ముందుకు వచ్చేది పని కోడు, జాబ్‌కార్డు నంబరు. ఆ నంబరు విని లేచి నిలబడేవాళ్లు ఎవరూ ఉండరు.