సింహాసనం కారు, స్టార్టు బటను

కిందటి ఆదివారం నేనూ మా అమ్మాయీ సంతోష్‌నగర్ నుంచి ఆటోలో చార్మినార్ దాకా వెళ్ళి, అక్కణ్ణించి ఖిల్వత్‌కు నడిచి, చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాముగారి పసుపుపచ్చ రోల్స్‌రాయిస్ కారు చూసివచ్చాం. అది 1912 నాటి బండి. తెప్పించమన్నది ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్. కాని ఆయన 1911లోనే కాలం చేశారు. అందులో ఊరేగే భాగ్యం కొడుకు ఉస్మాన్ అలీ ఖాన్‌కు దక్కింది. పైన గుమ్మటంలాంటి కప్పు, వెనుక సింహాసనంలా ఎత్తైన ఆసనం. వేడుకలకే బయటికి తీసేవారు గనుక, అది తిరిగింది బహుకొద్ది దూరమే.

ఆమధ్య ఒక పెళ్ళిలో ఈనాటి రోల్స్‌రాయిస్ కూడా చూశాను. అది సిల్వర్ ఘోస్ట్, ఇది ఘోస్ట్. ఒకే ఇంటిపేరన్నమాట! ఇంజన్ల కొలతలోనూ పెద్ద తేడా లేదు. పాతదానికి దాదాపు ఏడున్నర లీటర్లు, ఆరు సిలిండర్లు, కొత్తదానికి 6.75 లీటర్లు, పన్నెండు సిలిండర్లు. బలం మాత్రం అప్పుడు యాభై గుర్రాలదైతే, ఇప్పుడు అయిదువందల అరవై పైచిలుకు. అప్పుడు బ్రేకులు వెనుక చక్రాలకే, ఇప్పుడు నాలుగింటికీ.

అయితే నా కంటికి ఆనిన తేడా ఇవేవీ కావు. ఆనాటి సిల్వర్ ఘోస్ట్‌ను కదిలించాలంటే ముందు నిలబడి హ్యాండిల్ తిప్పాలి. హ్యాండిల్ ఎదురు తన్నితే మణికట్టు విరిగేది. అమెరికాలో కెటరింగ్ అనే ఇంజనీరు కనిపెట్టిన కరెంటు స్టార్టరు కాడిలాక్ కార్లలోకి వచ్చింది కూడా సరిగ్గా ఆ 1912లోనే! ఈనాటి ఘోస్ట్‌కు బటను నొక్కితే చాలు. మా అమ్మాయి చిటికెనవేలుకు కూడా ఆ బలం ఉంది.

ఇక మా ఇంటి సంగతి వినండి. నా చిన్నప్పుడు మా నాన్నగారికి ఒక పాత కారుండేది. బ్యాటరీ మొరాయించిన రోజున ఆయన హ్యాండిల్ తిప్పేవారు. అమ్మ డ్రైవింగు నేర్చుకుంటానంటే ఆ హ్యాండిల్ చూపించి, "ఇది నీ చేతులకు లొంగేది కాదులే" అనేవారు. నిజానికి ఆ కారు నూటికి తొంభై రోజులు తాళంచెవి తిప్పితేనే కదిలేది! అమ్మ ఎదురు చెప్పలేదు, నేర్చుకోనూ లేదు.

యంత్రం మారడానికి ఒక ఇంజనీరు చాలాడు. సాకు మారడానికి ఎన్నాళ్ళు పట్టిందో చూశారా? హ్యాండిళ్ళు మ్యూజియం చేరినా, ఆ మాట మాత్రం మన ఇళ్ళల్లోనే ఉండిపోయింది. నేనూ ఇరవయ్యేళ్ళు దాన్ని నమ్మి వెనుక సీట్లో కూర్చున్నాను.

నిన్న లెర్నర్స్ లైసెన్సుకు దరఖాస్తు పెట్టాను. మా అమ్మాయి నవ్వలేదు. "అమ్మమ్మకి ఫోన్ చేసి చెప్పు" అంది.